అరకిలో ఎక్కువ

మా ఆయన గోదాములో ప్యాకింగ్ సూపర్‌వైజరు. పింగాణీ సామాను పగలకుండా ఊళ్లు దాటించిన చెయ్యి కాబట్టి ఇంట్లో పెట్టె సర్దడం ఆయన హక్కు. నేను వేలు పెడితే ఊరుకోరు.

ఈసారి సముద్రం ఒడ్డున నాలుగు రోజులు. పిల్లల పెళ్లిళ్లయ్యాక మేమిద్దరమే వెళ్లడం ఇదే మొదలు. మంచం మీద అన్నీ వరసగా పరిచారు. పలచని నూలు బట్టలు నాలుగేసి జతలు, అన్నీ లేత రంగులే. ముదురు రంగైతే వేడి లాగేస్తుందట. వెడల్పు అంచు టోపీలు రెండు. దులిపితే ఇసక పోయే రబ్బరు చెప్పులు. ఎండకు రాసుకునే క్రీము మూతకు టేపు చుట్టి, కవర్లో పెట్టి, ఆ కవర్ని ఇంకో కవర్లో పెట్టారు. తడిబట్టలకు వేరే సంచి. ఆ తడిబట్టలు ఆయనవే. ఆయన ఈత లాగు, ఆయన తువ్వాలు.

నాకు తడిబట్టలుండవు. పెళ్లైన కొత్తలో ఒకసారి మోకాళ్ల లోతుకు దిగితే అల కొట్టి కూలబడ్డాను. ఆయన చెయ్యి పట్టి ఒడ్డుకు లాక్కొచ్చి, "నీకెందుకు చెప్పు ఇవన్నీ, బ్యాగుల దగ్గర కూర్చో" అన్నారు. కూర్చున్నాను. పిల్లలు పుట్టారు, ఈత నేర్చుకున్నారు, తండ్రితో పాటు నీళ్లలో కేరింతలు కొట్టారు. సముద్రానికి వెళ్లినప్పుడల్లా నేను చెప్పులకూ గడియారాలకూ కాపలా. ఒళ్లు మండేది. పైకి మాత్రం నవ్వుతూ చెయ్యి ఊపేదాన్ని.

పోయిన ఏడాది నుంచి వారానికి రెండు రోజులు, ఆయన డ్యూటీకి వెళ్లగానే ఈతకొలనుకు వెళ్తున్నాను. నేర్పే అమ్మాయి నా కూతురి కంటే చిన్నది. "ఆంటీ, నీళ్లతో పోట్లాడకండి" అని వెళ్లినప్పుడల్లా తిట్టేది. మూడు నెలలు పోట్లాడాను. ఇప్పుడు ఆగకుండా ఆరుసార్లు అటూ ఇటూ ఈదుతాను. ఆయనకు చెప్పలేదు. "ఈ వయసులో ఇదేం పిచ్చి" అంటారు. ఆ ఒక్క మాటకే మానేస్తానేమోనని భయం.

అందుకే ఆయన స్నానానికి వెళ్లినప్పుడు నా ఈతబట్టలూ తువ్వాలూ నైటీ మడతలో దాచాను. మోచేతుల దాకా, మోకాళ్ల దాకా కప్పే బట్టలే.

ఆయన పెట్టె మూసి చేతి త్రాసుకు తగిలించారు. విమానం వాళ్లు చెప్పినదాని కంటే అరకిలో ఎక్కువ.

"నా లెక్క తప్పదే!" అంటూ మొత్తం విప్పేశారు. నైటీ దులిపితే ఈతబట్టలు జారి మంచం మీద పడ్డాయి.

"ఇవెవరివి?"

"నావి."

"నీకు ఈత రాదుగా."

"వచ్చు. ఏడాదైంది."

వాటిని అటూ ఇటూ తిప్పి చూశారు. "వెలిసిపోయాయే" అన్నారు. కొత్తవి కావని అప్పుడు అర్థమైనట్టుంది. నేను ఆ పిచ్చి మాట కోసం కాచుకుని నిలబడ్డాను. ఆ మాట రాలేదు.

"మరి బ్యాగుల దగ్గరెవరుంటారు?"

వెటకారం కాదు, నిజంగానే అడిగారు.

"మీరు."

ఆయన తన లాగూ తువ్వాలూ బయటికి తీసి మళ్లీ తూచారు. సరిపోయింది. నాకు జాలేమీ కలగలేదు. చాలా హాయిగా అనిపించింది.

"ఎంతసేపు ఈదుతావు?" అన్నారు.

"చాలనిపించేదాకా" అన్నాను.