నీటికాకి నిగనిగ

ఇస్రాయేలు తుపాకీ గొట్టంలోకి నూనెగుడ్డ దూర్చి లాగుతున్నాడు. మూసీ ఆనకట్ట కడుతున్నప్పుడు కేతేపల్లి దగ్గర మట్టితట్టలు మోసిన మనిషి. పని అయిపోయాక అక్కడే చేపలశాఖలో కావలి ఉద్యోగం దొరికింది. చేపపిల్లల కోసం వాలే నీటికాకుల్ని గాలిలోకి తుపాకీ పేల్చి బెదరగొట్టాలి. గురితో పని లేదు. అందుకే కుడికంటికి పొర కమ్మిన సంగతి భార్య సైదమ్మ దాటి బయటికి పోలేదు.

ఆ పొద్దున పట్నం నుంచి పక్షుల్ని పరిశోధించే రామచంద్రం వచ్చాడు.

"పెద్ద నీటికాకులల్ల ఉపజాతులున్నయి, ఇస్రాయేలూ. నిగనిగ ఆకుపచ్చగుంటే ఒకటి, నీలంగుంటే ఇంకొకటి. ముక్కు, రెక్క గూడ కొలవాలె. దూరంకెల్లి తేలదు. ఒకదాన్ని కొట్టాలె."

"కొడ్త సారూ," అన్నాడు ఇస్రాయేలు.

ఇద్దరూ పుట్టిలో కూర్చుని నీళ్ళలోకి సాగారు. మునిగిన తుమ్మమోళ్ళ మీద పక్షులు రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్నాయి. ఇస్రాయేలు ఎడమకన్ను మూసి గురిచూశాడు. అన్నీ అలికినట్టున్న నల్లమరకలు. తుపాకీ దించాడు. మళ్ళీ ఎత్తి, మళ్ళీ దించాడు.

"కన్ను ఆనుతలేదు సారూ. చానా దినాలాయె. నౌకరి పోతదని చెప్పలే."

రామచంద్రం తుపాకీ తీసుకుని పక్కన పెట్టాడు.

"నల్లగొండ దవాఖానల పొర తీస్తరు. నేను మీ సారుతోని మాట్లాడుత. ఫికర్ చెయ్యకు."

ఇస్రాయేలు తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. ఊపిరి తేలిగ్గా ఆడింది.

తిరిగి వస్తుంటే, ఎవరో వేసిన వలలో ఒక నీటికాకి చిక్కుకుని నీళ్ళు చిమ్ముతోంది. ఇస్రాయేలు వంగి, దాని మెడ ఒడుపుగా పట్టి, వల విడిపించి, తలపాగా గుడ్డలో చుట్టి పైకి తీశాడు. రామచంద్రం ముక్కు కొలిచాడు, రెక్క విప్పి కొలిచి ఎండకు తిప్పాడు.

"సూడు."

ఇస్రాయేలు మంచికన్ను దగ్గరగా పెట్టాడు. తడి ఈకల్లో ముదురు ఆకుపచ్చ అలలా జారింది. ఇన్నేళ్ళూ వాటిని నల్లవనే అనుకున్నాడు.

"గిది మన దిక్కుదేనా సారూ?"

"మన దిక్కుదే. చెరువులల్ల, నదులల్ల బతికే రకం. ఇగ ఇడిచిపెట్టు."

గుడ్డ సడలించగానే పక్షి మెడ సాచి పుట్టిలోకి ఏదో కక్కింది. ఇస్రాయేలు చాలా రోజుల తర్వాత నవ్వాడు. అది నీటిమీద కొంతదూరం తప్పటడుగులు వేసి, లేచి, మోళ్ళు దాటి వెళ్ళిపోయింది.

పుట్టి అడుగున వేలెడంత చేపపిల్ల ఒకటి, ఇంకా మొప్పలాడిస్తూ, ఎండలో మెరుస్తోంది.