పాలపళ్ల గాట్లు

ఇల్లు తుడిచే గుడ్డకు ఒక కొసన కోడలు, ఇంకో కొసన కుక్కపిల్ల. గెలిచేది ఎప్పుడూ కుక్కపిల్లే. చూస్తే అరచెయ్యంత ఉంది గానీ, పళ్లు మాత్రం మొసలి దగ్గర అరువు తెచ్చుకున్నట్టుండేవి. సోఫా కాలు కొరికింది, తలుపు మూల కొరికింది, వదిలేస్తే గోడ కొరికి పక్కింట్లోకి దారి చేసేదే. అన్నిటికంటే దానికి రుచిగా తగిలినవి మాత్రం కోడలి వేళ్లు.

అవి మామూలు వేళ్లు కావు. బట్టల షాపులో ఆమె కత్తెర పట్టిందంటే గుడ్డ భయపడి తనంతట తానే తెగేదని చెప్పుకునేవారు. అత్తగారి కాలు విరిగితే కొన్నాళ్లని పని మానేసింది. కాలు అతికింది, అత్తగారు మేడమెట్లు గబగబా ఎక్కేస్తున్నారు. షాపు మేడమ్ ఆమె కుర్చీ ఖాళీగానే ఉంచి, నెలాఖరుదాకా చూస్తానంది. సరిగ్గా అప్పుడే భర్త కుక్కపిల్లను చంకనేసుకొచ్చాడు. తోడుంటుందని తెచ్చానన్నాడు. అది కరవడం మానేదాకా ఉండి, తర్వాత నిక్షేపంగా షాపుకు వెళ్లమన్నాడు. ఎంత ప్రేమో అని ఆమెకు కళ్లు చెమర్చాయి కూడా.

అప్పట్నుంచీ దాన్ని మానిపించడమే ఆమె ఉద్యోగం. చేతులకు చేదు రాసుకుంటే అది శుభ్రంగా నాకి ఇంకా కావాలన్నట్టు చూసింది. బతిమాలితే తోక ఊపి మరీ కరిచింది. పగలంతా కాస్త దారికొచ్చినట్టుండేది, తెల్లారేసరికి మళ్లీ మొదటికే. ఇద్దరు పిల్లల్ని పెంచినదానివి, కుక్కపిల్లను పెంచలేవా అని అత్తగారు. దానికి నువ్వంటే లెక్కలేదంటూ అయోడిన్ సీసా అందించే భర్త.

చివరికి, భర్తకు ఆ కుక్కపిల్లను ఇచ్చిన ఆవిడనే పిలిపించుకుంది. వీధంతా ఆవిడను కుక్కలక్క అంటుంది. అక్క నేల మీద చతికిలబడి చెయ్యి చాపింది. కుక్కపిల్ల లటుక్కున పట్టింది. అక్క అరవలేదు, చెయ్యి లాక్కోలేదు, బొమ్మలా కూర్చుంది. ఇందులో మజా లేదని అది వదలగానే, ముడేసిన పాతగుడ్డ నోటికందించింది.

"లాక్కుంటే ఆటనుకుంటుందమ్మా. చిగుళ్ల దురద దానికి. ఏదో ఒకటి కొరకాలి, అది చెయ్యి కాకుండా చూసుకోవాలంతే. అయినా, చెయ్యి కనబడితే చాలు ఎగురుతోందేంటి? ఎవరో రోజూ వేళ్లు పెట్టి ఆడిస్తున్నారు. వద్దని మీ ఆయనకి అప్పుడే చెప్పానే. గుడ్డతో ఎలా ఆడించాలో చేసి కూడా చూపించాను. చెప్పలేదా నీకు?"

చెప్పలేదు. రోజూ సాయంత్రం బండి గ్లౌజులు తొడుక్కుని, తివాచీ మీద బోర్లా పడుకుని, దాని మూతి ముందు వేళ్లాడిస్తూ "పట్టు, పట్టు" అనేవాడు. అది ఎగిరి పట్టుకుంటే ఇల్లెగిరిపోయేలా నవ్వేవాడు. పిరికివాడు, గ్లౌజులు లేనిదే కుక్కపిల్లను ముట్టుకోలేడని ఆమె కూడా పక్కన కూర్చుని నవ్వింది. అయోడిన్ చురుక్కుమన్నప్పుడల్లా అతను ఉఫ్ ఉఫ్ అని ఊదుతుంటే, నాకోసం ఎంత విలవిల్లాడిపోతున్నాడో అనుకుంది. ఇప్పుడు గాట్లకంటే ఆ ఊదిన చోటే ఎక్కువ మండుతోంది.

సాయంత్రం అతను వచ్చేసరికి ఆమె ఫోన్లో ఉంది. రేపు పొద్దున్నే వస్తున్నానని మేడమ్‌కు చెప్పి పెట్టేసింది.

"రేపా? మరి దీన్నెవరు చూస్తారు?"

"దానికి కరవడం నేర్పిన మనిషి."