పనయ్యాక పలకరాయి

తిమోతికి కొత్త సరదాలు మొదలుపెట్టడం బాగా వచ్చు. వాటిని కొనసాగించడమే ఎప్పుడూ చేతకాలేదు.

మార్కాపురంలో ఇంట్లో కూర్చుని హైదరాబాదు కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసే ఈ ముప్పై రెండేళ్ళ మనిషి, గడిచిన మూడేళ్ళలో ఒక గిటారు, ఒక టెలిస్కోపు, రెండు జతల పరుగు బూట్లు, నొక్కితే టపటపమని మోగే కీబోర్డు కొన్నాడు. గిటారు మీద ఒక క్రిస్మస్ పాట సగం దాకా వచ్చింది. బూట్లు తొడుక్కుని కంభం రోడ్డు వెంట రెండు రోజులు పరుగెత్తాడు. మూడో రోజు కుక్కలు కూడా తోడు రావడంతో మానేశాడు. టెలిస్కోపు ఇప్పుడు అతని భార్య స్టెల్లా చేతిలో ఉంది. వీధి చివరికి నీళ్ళ ట్యాంకరు వచ్చిందో లేదో ఆమె మిద్దె మీద నుంచి చూసుకుంటుంది.

నిజం చెప్పాలంటే, పని ముగించి ల్యాప్‌టాప్ మూశాక తిమోతి చేసేది ఒక్కటే. మంచం మీద వాలి, ఫోనులో తివాచీలు కడిగే వీడియోలు చూస్తాడు. ఏదో దేశంలో ఎవరో బురదతో అట్టగట్టిన తివాచీని పరిచి, నురగ పోసి, తోమి, నీళ్ళు కొడతారు. అరగంటకు అడుగు నుంచి ఎర్రపువ్వులు బయటపడతాయి. ఆ పువ్వులు కనబడగానే అతని ప్రాణం కుదుటపడుతుంది. ఈ సంగతి స్టెల్లాకు తెలుసు. ఇంకొకరికి తెలిస్తే తలెత్తుకు తిరగలేనని అతని నమ్మకం.

అలాంటి మనిషిని ఒక శుక్రవారం సాయంత్రం, టీమంతా ఉన్న వీడియో కాల్‌లో, మేనేజరు శివకృష్ణ అడిగాడు: "పనయ్యాక మీరేం చేస్తారు తిమోతీ? ఇవాళ అందరం చెప్పుకోవాల్సిందే."

అప్పటికే ఒకతను సైకిలు మీద వికారాబాదు దాకా వెళ్ళొచ్చిన ఫోటోలు చూపించాడు. రేణుక అనే అమ్మాయి తను ఇంట్లో పులియబెట్టి కాల్చిన రొట్టెను కెమెరా ముందు కోసి, లోపలి గుల్లను చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. తివాచీల మాట తిమోతి నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. అతని చూపు బల్ల పక్కన గోడకానించిన పలక మీద పడింది. స్టెల్లా బడిలో పిల్లలకు చూపించడానికి తెచ్చిన పాతకాలం రాతిపలక అది.

"నేను పలకరాయి చెక్కుతానండీ," అన్నాడు. "మాది మార్కాపురం కదా. పెద్ద బండను పొరలు పొరలుగా విడదీసి పలకలు చేస్తాం. అదొక ధ్యానం లాంటిది."

ధ్యానం అన్న మాట ఎందుకన్నాడో అతనికే తెలియదు. కానీ అది అందరికీ బాగా నచ్చింది. శివకృష్ణ ముందుకు వంగి, "మన ఆఫీసులో కొత్త మీటింగు గదికి నల్లమల అని పేరు పెడుతున్నాం. ఆ పేరు మీరు చేసిన పలక మీదే ఉండాలి. వచ్చే నెల ఇదే కాల్‌లో చూపించండి," అన్నాడు.

కాల్ అయిపోయాక స్టెల్లా తలుపు దగ్గర నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది.

"మొన్న చట్నీకి కొబ్బరికాయ కొట్టమంటే వంటింట్లో టైలు పగలగొట్టినారు. మీరు పలక చెక్కుతారా?"

"నేర్చుకుంటా."

"ఎవురి దగ్గర?"

తిమోతి ఫోను తీసి వెతకడం మొదలుపెట్టాడు. చివరికి స్టెల్లాయే చెప్పింది. తర్లుపాడు రోడ్డులో ఉండే యేసుమణి ముప్పై ఏళ్ళు పలకల ఫ్యాక్టరీలో రాళ్ళు విడదీసిన మనిషి. ఫ్యాక్టరీ మూతపడ్డాక కూడా, ఎవరైనా అడిగితే ఇంటి దగ్గరే చేసి ఇస్తుంది. వీళ్ళ చర్చికే వస్తుంది. తిమోతి నాయన ఒకప్పుడు అదే ఫ్యాక్టరీలో లారీలకు పలకలు ఎత్తేవాడు.

తర్వాతి వారం శనివారం పొద్దున తిమోతి తయారై వెళ్ళాడు. తయారు కావడంలో అతనికి లోటుండదు. కళ్ళకు అద్దాలు, తోలు ఏప్రాన్, మోకాళ్ళ కింద వేసుకునే దిండ్లు, చెక్కపెట్టెలో వరుసగా అమర్చిన ఏడు ఉలులు, అన్నీ రెండు రోజుల్లోనే తెప్పించాడు. యేసుమణి వాకిట్లో గోనెసంచి మీద కూర్చుని ఉంది. అతన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"పనికి వచ్చినావా నాయనా, పెండ్లికి వచ్చినావా?"

"నేర్చుకుందామని వచ్చిన పెద్దమ్మా."

"కరుణాకరం కొడుకువి గదా. కూసో."

దారిలో కారాపి ఏరుకొచ్చిన రాయిని అతను ముందు పెట్టాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. "అది ఎన్నేండ్ల నుంచి ఎండలో పడుందో. ఎండిపోయిన రాయి పొరలుగా విడదు. పక్కన పెట్టు," అని తడిగోనె కింద కప్పిపెట్టిన బండను బయటికి లాగింది. ముఖానికి తడిగుడ్డ కట్టుకుంది, అతనికీ కట్టించింది. ఈ దుమ్ము లోపలికి పోతే బయటికి రాదని, తనతో పనిచేసినవాళ్ళు చాలామంది దగ్గి దగ్గి పోయినారని మామూలు గొంతుతోనే చెప్పింది. తర్వాత అరిగిపోయిన రంపపు బ్లేడు ముక్కను బండ అంచున ఆనించి, చిన్న సుత్తితో మెల్లగా తడుతూ పోయింది. ఒక పక్క, ఇంకో పక్క, మళ్ళీ మొదటి పక్క. సన్నగా ఒక శబ్దం వచ్చింది. బండ పుస్తకం తెరుచుకున్నట్టు రెండుగా విడిపోయింది.

"అంతేనా?" అన్నాడు తిమోతి.

"అంతే."

ఆ రోజు అతను తొమ్మిది రాళ్ళు పగలగొట్టాడు. ఒక్కటి కూడా పొరగా విడలేదు. కొన్ని అడ్డంగా విరిగాయి. కొన్ని మూలలూడాయి. ఒకటి మాత్రం సగం దాకా చక్కగా వచ్చి, అతను సంతోషపడి గట్టిగా కొట్టగానే మూడు ముక్కలైంది. ప్రోగ్రాములో తప్పొస్తే వెనక్కి వెళ్ళి సరిచేసే అలవాటు ఉన్న మనిషికి, వెనక్కి వెళ్ళడానికి వీల్లేని పని ఎదురుపడడం కొత్త. విరిగిన రాయిని కాసేపు చేతిలో పట్టుకుని, రెండు ముక్కల్నీ కలిపి చూశాడు కూడా.

రెండో శనివారం నోటుపుస్తకం తీసుకెళ్ళాడు. రాయి నంబరు, మందం, ఎన్ని దెబ్బలు, ఉలి ఏ కోణంలో, ఫలితం అని గళ్ళు గీశాడు. ఫలితం గడిలో వరుసగా "పగిలింది" అనే పడింది. యేసుమణి ఆ పుస్తకం వైపు చూసి, "రాసుకుంటే పగలదా?" అని అడిగింది. వెటకారం కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అందుకే అతనికి మరీ సిగ్గేసింది.

"నీ చేతిలో తొందర ఉంది నాయనా," అంది ఇంకోసారి. "రాయి విడేముందు చెప్తాది. నువ్వు దాన్ని చెప్పనియ్యవు."

నాలుగు శనివారాలు గడిచాయి. మొదటి రోజు తొమ్మిదీ కలుపుకుని నోటుపుస్తకంలో ముప్పై నాలుగు పగుళ్ళు నమోదయ్యాయి. పలక చూపించాల్సిన శుక్రవారం రానే వచ్చింది. ఆ రోజు పొద్దున్నే తిమోతి తర్లుపాడు రోడ్డుకు వెళ్ళి, నేల చూపులు చూస్తూ, సాయంత్రం ఆఫీసువాళ్ళకు ఒక పలక చూపించాలని చెప్పాడు. యేసుమణి స్టవ్ మీద కాఫీకి పాలు పెట్టి, అవి పొంగేలోపు జానెడు వెడల్పు, మూరెడు పొడవున్న పలక ఒకటి తడిబండ నుంచి విడదీసి అతని చేతిలో పెట్టింది. అంచులు కూడా తనే రుద్దింది.

"సాయంత్రం మీ ఆఫీసోళ్ళు ఆ పెట్టెలో కనపడతారంట గదా. నేను గూడా వచ్చి చూస్తా," అంది. తిమోతి తలూపాడు.

సాయంత్రం ఆమె ఉతికిన చీర కట్టుకుని వచ్చి, కెమెరాకు కనబడకుండా పక్కన కుర్చీలో కూర్చుంది. స్టెల్లా టీ ఇచ్చింది. కాల్ మొదలైంది. తిమోతి పలకను రెండు చేతులతో ఎత్తి చూపించాడు.

"అబ్బ, అద్దంలా ఉందండీ," అంది రేణుక. "ఎంత కాలం పట్టింది?"

ఆ ఒక్క క్షణంలో నిజం చెప్పేయొచ్చని అతనికి తట్టింది. కానీ సైకిలతను కూడా బొటనవేలు పైకెత్తి చూపిస్తున్నాడు.

"నాలుగు వారాలండీ. ఓపిక కావాలి."

"నాలుగు వారాలు యాడియి?" అని పక్క నుంచి గొంతు వినిపించింది. "పొద్దున పాలు పొంగేలోపల తీసిస్తి గదా."

తిమోతి మైకు ఆపడానికి చెయ్యి చాచాడు. చేతిలో పలక ఉందని గుర్తొచ్చి మళ్ళీ పట్టుకున్నాడు. పద్నాలుగు ముఖాలు తెర మీద కదలకుండా ఉన్నాయి.

"ఎవరండీ అది?" అన్నాడు శివకృష్ణ.

ఇక దాచడానికేమీ మిగల్లేదు. తిమోతి ల్యాప్‌టాప్ పక్కకు తిప్పాడు. యేసుమణి పైట సర్దుకుని తెరకేసి చూసింది.

"ఈ నాయన మంచోడే," అంది అందరికీ. "నాలుగు వారాలు వచ్చిన మాట నిజమే. ముప్పై నాలుగు రాళ్ళు పగలగొట్టినాడు. పగిలిన ప్రతిదీ పుస్తకంలో రాసుకున్నాడు. ఇంత శ్రద్ధగా పగలగొట్టినోడిని నేను ఫ్యాక్టరీలో గూడా చూడలా."

మొదట ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. తిమోతి చెవులు కాలిపోతున్నాయి. కానీ నవ్వు ఆగాక చూసుకుంటే, నెల రోజులుగా గుండె మీద కూర్చున్నదేదో దిగిపోయినట్టు అనిపించింది. ఆ ఊపులోనే తివాచీల సంగతి కూడా చెప్పేశాడు. పలకలు చెక్కడం తన సరదా కాదని, పనయ్యాక తివాచీలు కడిగే వీడియోలు చూస్తూ పడుకోవడమే అసలు సరదా అని ఒప్పుకున్నాడు.

"మంచులో గడ్డకట్టిన పచ్చ తివాచీ చూశారా?" అన్నాడు శివకృష్ణ, కొంచెం గొంతు తగ్గించి. "అది యాభై నిమిషాలుంటుంది."

"చూశానండీ. రెండుసార్లు."

యేసుమణికి ఈ గొడవ పట్టలేదు. ఆమె రేణుకను, ఆ అమ్మాయి పక్కన తెరలో కనబడుతున్న రొట్టె గురించి అడుగుతోంది. అంత మాడ్చితే తినేదెట్ల అమ్మా అంటే, రొట్టె పైపెంకు అలా ఎందుకుండాలో రేణుక కథంతా చెప్పుకొచ్చింది. అరగంట అనుకున్న కాల్ గంటన్నర సాగింది.

నల్లమల అనే అక్షరాలు యేసుమణి చెప్పినట్టు తిమోతే గీశాడు. వెనక వైపు చిన్నగా "యేసుమణి, మార్కాపురం" అని కూడా గీశాడు. పలక క్షేమంగా హైదరాబాదు చేరింది.

ఆ తర్వాత ఇక వెళ్ళాల్సిన పని లేదు. అయినా శనివారం పొద్దున అతని కారు తర్లుపాడు రోడ్డుకు తిరిగింది. ఆ తర్వాతి శనివారం కూడా తిరిగింది. తోలు ఏప్రాన్, ఏడు ఉలులు ఇంట్లోనే ఉండిపోయాయి. పుస్తకం రాయడం మానేశాడు. ఎన్ని పగిలాయో లెక్క తప్పింది. ఎవరికీ చూపించాల్సింది లేకపోవడంతో, పగిలినప్పుడు చిరాకు కూడా తగ్గింది.

వానలు మొదలైన వారం, పొద్దున పది గంటలకు, ఒక చిన్న బండ అంచున తడుతుండగా అతనికి లోపల నుంచి సన్నటి శబ్దం వినబడింది. చెయ్యి ఆపాడు. మళ్ళీ మెల్లగా తట్టాడు. రాయి చడీచప్పుడు లేకుండా విడిపోయి, సగం అతని ఒడిలో వాలింది. ఒక మూల మందం ఎక్కువే. అయినా పలకే.

చుట్టూ చూశాడు. యేసుమణి లోపల అన్నం వారుస్తోంది. వాకిట్లో ఒక కోడి తప్ప ఎవరూ లేరు. ఫోటో తీద్దామని ఫోను తీశాడు. వేళ్ళకంతా రాతిపొడి, ఫోను అతన్ని గుర్తుపట్టలేదు. ప్యాంటుకు తుడుచుకుని మళ్ళీ నొక్కాడు. అప్పటికీ గుర్తుపట్టలేదు. ఫోను గోనె మీద పడేసి పిలిచాడు.

"పెద్దమ్మా, ఒకసారి రా."

ఆమె తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. పలకను ఎత్తి, వెలుతురుకు పట్టి, అంచు మీద బొటనవేలు పోనిచ్చింది.

"ఊఁ," అంది. "ఇంకోటి తియ్యి."