పంటు మీది గొంతు

పాత సీరియల్ మీద అభిమానంతో కొత్త సీరియల్లో దానికి దండం పెట్టడాన్ని సినిమావాళ్ళు హోమేజ్ అంటారట. మా లాడ్జిలో దిగిన అసిస్టెంటు డైరెక్టరు వంశీ చెప్పాడు. యానాంలో ఆ లాడ్జికి నేను రిసెప్షనిస్టుని. తాళాలివ్వడం, వేణ్ణీళ్ళు రాలేదని తిట్లు తినడం నా ఉద్యోగం. మామూలుగా ఎవరి కబుర్లూ చెవినేసుకోను. ఆ రోజు మాత్రం కౌంటరు పట్టుకుని నిలబడిపోయాను.

"మాది డిటెక్టివ్ సిరీస్ సుమ మేడమ్. తొంభైల్లో 'ఏడో పంటు' అని ఒకటి వచ్చింది. మా డైరెక్టర్ గారికి అదంటే పిచ్చి. అందులో డిటెక్టివు వేరుశెనక్కాయలు ఒలుస్తూ ఆలోచిస్తాడు, మావాడూ ఒలుస్తాడు. అక్కడ పంటువాడు చెప్పే క్లూని మా దాంట్లో ఆటోవాడు చెప్తాడు. పైగా మా హీరో గదిలో టీవీలో ఆ పాత సీనే ఆడుతుంటుంది. ఎక్కడా లేదనుకున్న క్యాసెట్ దొరికింది!"

ఆ పంటువాడు మా నాన్న.

వంతెన లేని రోజుల్లో యానాం రేవు నుంచి ఎదుర్లంకకి జనాన్నీ బళ్ళనీ దాటించే పంటు మీద మా నాన్న అమ్మిరాజు పనిచేసేవాడు. షూటింగువాళ్ళు ఆయన్ని నిలబెట్టి ఒక మాట చెప్పించారు. 'దిగినోళ్ళు ఇద్దరండి. ఎక్కినోడు ఒక్కడేనండి.' ఇంట్లో అన్నం తింటూ కూడా అదే పాఠం చదివాడట. తర్వాతి నెలలో తొంభై ఆరు తుఫాను వచ్చింది. పంటు తాళ్ళు బిగించొస్తానని రేవుకి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. నేనప్పుడు పాలు తాగే పిల్లని. ఆ సీను టీవీలో వచ్చేనాటికి ఊళ్ళో కరెంటు స్తంభాలన్నీ నేలమీదే ఉన్నాయి. మావాళ్ళెవరూ చూడలేదు.

పెళ్ళి ఫొటో ఒకటి ఉంది కాబట్టి నాన్న మొహం నాకు తెలుసు. గొంతు తెలీదు. అమ్మకి తెలుసు కదా అనే ధైర్యంతో ఇన్నేళ్ళు బతికాను. మొన్న ఎండాకాలంలో అమ్మ పొయ్యి దగ్గర కూలబడి ఏడ్చింది.

"మీ నాన్న గొంతు గురుతు రావట్లేదే సుమా. మొగం వత్తంది, నోరు కదుల్తంది. గొంతే రావట్లేదు."

అప్పట్నించి మా అమ్మ చిట్టెమ్మగారికి అదే ధ్యాస. అన్నదమ్ముల గొంతులు కలుస్తాయని అప్పారావు బాబాయిని పిలిచి ఆ డైలాగు చెప్పించింది. కాదంది. ఇంకాస్త బొంగురుగా అనమంది. అదీ కాదంది. పాపం బాబాయి మా వీధి మొహమే చూడడం మానేశాడు. అమ్మ అన్నం సగంలో వదిలేసి గోడకేసి చూస్తుంటే నాకు పిచ్చెక్కినట్టుండేది.

అందుకే ఆ క్యాసెట్లో సీను చూపించమని వంశీని పట్టుకున్నాను. రిలీజయ్యేదాకా ఎవరికీ చూపించకూడదని అగ్రిమెంటు ఉందన్నాడు. ఏసీ గదికి మార్చాను. పులస పులుసు పెడతానన్నాను. "నేను వెజ్ మేడమ్" అన్నాడు. ఇక దారి లేక అందరూ చూస్తుండగా కాళ్ళు పట్టుకున్నాను. సిగ్గు లేదా అంటే, లేదు. అతనే సిగ్గుపడి, మధ్యాహ్నం భోజనాలప్పుడు అమ్మని తీసుకురమ్మన్నాడు.

అమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. హెడ్‌ఫోన్సు వద్దంది.

"పైకే పెట్టు బాబూ. అందరూ ఇనాలి."

ల్యాప్‌టాప్‌లో రేవు కనిపించింది. పంటు, దాని మీద నాన్న. నాకంటే చిన్నవాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. నాన్న నోరు తెరిచాడు. రేడియోలో వార్తలు చదివినట్టు ఓ గొంతు వచ్చింది.

"దిగినవారు ఇద్దరు. ఎక్కినవాడు ఒక్కడే."

అమ్మ చెయ్యి వదిలేసింది.

"ఎవరిది?" అంది.

వంశీ మొహం మాడిపోయింది. "అప్పట్లో అంతా డబ్బింగేనమ్మా. హైదరాబాద్‌లో వేరే ఎవరో చెప్పుంటారు."

"మైకు పెట్టారు కదా బాబూ! ఒడ్డునుంచి నేను సూసేను!"

"అది డబ్బింగు చెప్పేవాళ్ళు విని పెదాలు కలుపుకోడానికమ్మా. తర్వాత చెరిపేస్తారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "హోమేజంట! దండం పెట్టేముందు లోపల దేవుడున్నాడో లేదో చూసుకోరా?" అని అరిచాను. అతని తప్పేం లేదని తెలిసే అరిచాను. ఎవరిమీదో ఒకరిమీద అరవకపోతే అక్కడే చచ్చిపోయేలా ఉన్నాను.

అమ్మ అరవలేదు. "ఆ గొంతు తీసేసి ఎయ్యి బాబూ" అంది.

శబ్దం ఆపి మళ్ళీ వేశాడు. అమ్మ తెరకి మొహం ఆనించినంత దగ్గరగా వంగింది.

"మాటైపోయినా నోరు కదుల్తంది సూడు. మళ్ళీ ఎయ్యి."

నిజమే. డబ్బింగాయన మాట ముగించేసిన చోట నాన్న పెదాలు ఇంకోసారి కదిలాయి. అమ్మ ఆ పెదాలతో పాటు తన పెదాలు కదిపింది.

"దిగినోళ్ళు ఇద్దరండి. ఎక్కినోడు ఒక్కడేనండి. ఆయ్."

ఆ చివరి మాట అమ్మ గొంతు కాదు. కింద నుంచి బరువుగా లేచి, పెద్దమనిషిని లోలోపల ఆటపట్టిస్తున్నట్టు చివర్లో సాగింది. నేను పుట్టి బుద్ధెరిగి ఆ గొంతు వినలేదు. అయినా నాకు ఒళ్ళంతా జలదరించింది. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వచ్చేడే! మీ నాన్నే, సుమా!"

"మళ్ళీ అనవే అమ్మా. ఒక్కసారి."

అంది. అమ్మ గొంతే వచ్చింది. మళ్ళీ అంది, మళ్ళీ అంది. చెమటలు పట్టి, గొంతు బొంగురుపోయేదాకా అంది. యూనిట్ వాళ్ళు పిలిచేదాకా వంశీ పాపం వేస్తూనే ఉన్నాడు. ఫోను నా చేతిలోనే ఉంది. ఆ మొదటిసారి రికార్డు చెయ్యాలని నాకు తోచలేదు.

ఇప్పుడు సిరీస్ వచ్చేసింది. నాన్న హీరో భుజం వెనక టీవీలో మసకమసగ్గా కనబడి మాయమైపోతాడు. ఆటోవాడు డబ్బింగాయన మాటనే అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు, జనం ఆహా అంటున్నారు. అమ్మకి అవేం పట్టవు. నేను డ్యూటీ నుంచి రాగానే టీవీలో నాన్న కనబడే ఆ ముక్క పెట్టించుకుంటుంది, శబ్దం తీసేయిస్తుంది. నేను ఫోన్లో రికార్డింగు నొక్కుతాను.

"ఆయ్" అంటుంది. నా మొహం చూసి, "రేపు వత్తాడులే" అంటుంది.

ఇవాళ్టిది కూడా నాన్న గొంతు కాదు. అమ్మదే. కానీ ఒక్కటి కూడా చెరపలేదు నేను.