కడిగిన తొక్కలు

ఇంటి చెత్తతో ఎరువు చేయడం నేర్పడానికి వచ్చిన పంతులమ్మ ఊరుమ్మడి గొయ్యిలో చెయ్యి పెట్టి చూసింది. ఈపాటికి వేడెక్కాల్సిన గొయ్యి చల్లగా ఉంది. గుప్పెడు పైకి తీస్తే కూరగాయల తొక్కలు గలగలలాడాయి. పక్కనే పాలమ్మే పెద్దమ్మ బకెట్టుతో నిలబడి ఉంది.

"వీటిని కడిగి ఎండబెట్టారా పెద్దమ్మా?"

"మరి? నలుగురి ముందూ కుమ్మరించేది. మా వంటిల్లు మురికనుకోరూ?"

"కుళ్లితేనే కదా ఎరువయ్యేది. ఉన్నవి ఉన్నట్టే తెండి."

పెద్దమ్మ తలైతే ఊపింది గానీ, మర్నాడూ ఊరు ఊరంతా తొక్కలకు తలంటి, ఆరబెట్టే తెచ్చింది. ఇక లాభం లేదని పంతులమ్మ తన గదిలోని చెత్త బకెట్టు తెచ్చి అందరి ముందూ గొయ్యిలో బోర్లించింది.

"చూశారుగా, నాదీ ఇంతే. సిగ్గెందుకు?"

ఆడవాళ్లు మెడలు సాచి మరీ చూశారు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ఆ మంత్రం పారింది. తొక్కలు కడక్కుండానే రావడం మొదలైంది, గొయ్యి వేడెక్కింది. పంతులమ్మ గాల్లో తేలిపోతూ గదికి చేరేసరికి గుమ్మంలో పెద్దమ్మ మూతపెట్టిన గిన్నెతో కూర్చుని ఉంది.

"ఏంటిది పెద్దమ్మా?"

"అన్నం. నువ్వు మాడబెట్టుకున్నదంతా ఆ రోజు గొయ్యిలో చూశాం కదా. అందరం వంతులేసుకున్నాం. ఇవాళ మాది."

గిన్నె చేతిలో పెట్టి, నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"ఆ బకెట్టు మాత్రం కడుక్కో తల్లీ."