పప్పుగుత్తి పట్టినవాళ్ళదే మాట

నేను ఒక పప్పుగుత్తిని. తాడేపల్లిగూడెంలో ఒక వడ్రంగి చింతచెక్కను నున్నగా తీర్చి నన్ను చేశాడు. సుభద్రమ్మగారు నన్ను కొని ముప్పై ఏళ్ళు పప్పు మెదిపారు. శుక్రవారం నైవేద్యానికి ముందు ప్రత్యేకంగా పసుపునీళ్ళతో కడిగేవారు. దేవుడి పప్పూ ఇంటివాళ్ళ పప్పూ ఒకే గిన్నెలో ఉడికేవి. నాకైతే తేడా తెలిసేది కాదు. ఆవిడ పోయాక వంటింట్లోకి మిక్సీ వచ్చింది, నేను ఆవిడ కూతురు వసుంధరగారి ఆఫీసు గదికి వచ్చాను.

గొడవపడే ఆలుమగల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడం వసుంధరగారి వృత్తి. కౌన్సెలింగ్ అంటారు. ఆ గదిలో నియమం ఒక్కటే. వస్తువు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. రెండోవాళ్ళు విని, విన్నది తిరిగి చెప్పాలి. "అవును, నేనన్నది అదే" అనిపించుకున్నాకే వాళ్ళ వంతు. ఆ వస్తువుగా మొదట గంట పెడితే, కోపం వచ్చినప్పుడల్లా వాయించారు. పెన్ను పెడితే మూత కొరికేశారు. ఆ తర్వాత నాకు ఉద్యోగం దొరికింది. నన్ను చూడగానే చాలామందికి నవ్వొస్తుంది. కొందరు ఎదుటివాళ్ళ నెత్తి వైపు చూస్తారనుకోండి, అది వేరే సంగతి.

ఆ బుధవారం మూడింటికి, వానలో తడిసిన గొడుగుతో కేశవ, హైమ వచ్చారు. అది నాలుగోసారి. నాలుగింటికి లాయరు దగ్గర విడాకుల కాగితాల మీద ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఉన్నది గంట.

కేశవ అయ్యప్ప మాల తీసి ఏడు నెలలైంది. అయినా హైమ అతన్ని దీక్షలో పిలిచినట్టు 'స్వామీ' అనే పిలుస్తుంది. ఆ పిలుపులో భక్తి లేదు.

వసుంధరగారు నన్ను హైమ చేతిలో పెట్టారు.

"నాకేం చెప్పేది లేదండి. స్వామివారినే చెప్పమనండి."

"అలా పిలవొద్దని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాడు కేశవ.

"గుత్తి మీ దగ్గర లేదు" అన్నారు వసుంధరగారు.

హైమ పిడికిలి బిగిసింది. "నాలుగో నెలలో నా కడుపు పోయింది. పదకొండో రోజున ఈయన మాల వేసుకున్నారు. నాకింకా రక్తం ఆగలేదు. మైలతో ఉన్న మనిషి దీక్ష ఇంట్లో ఉండకూడదని మా అత్తగారు నా బట్టలు సర్దారు. ఈయనే పుట్టింటి బస్సెక్కించారు. పక్కన కూర్చుని ఏడవడానికి నాకు మొగుడు లేడు. స్వామి ఉన్నాడు."

కేశవ గొంతు సవరించుకున్నాడు. "మా అమ్మ మీద కోపంగా ఉందంటోంది."

"కాదు."

"దేవుడంటే లెక్కలేదంటోంది."

"ఆ మాట నేనన్నానా?" ఆమె గోరు నా చెక్కలో దిగింది.

గోడ గడియారంలో మూడూ నలభై.

"సమాధానం చెప్పకండి కేశవగారూ. విన్నది చెప్పండి, చాలు."

కేశవ నన్నే చూస్తూ అన్నాడు. "ఏడవడానికి నా తోడు కావాల్సిన రోజుల్లో నేను తనని బస్సెక్కించాను."

హైమ నన్ను అతని వైపు చాపింది. "అవును. నేనన్నది అదే."

కేశవ నన్ను రెండు చేతులా అందుకున్నాడు, హారతి పళ్ళెం పట్టినట్టు. "ఆస్పత్రిలో తనకి రక్తం ఎక్కిస్తున్నారు. డాక్టరు గట్టిగా చెప్పలేమన్నారు. వరండాలో నిలబడి మొక్కుకున్నాను, మనిషి దక్కితే మూడేళ్ళు మాల వేస్తానని. మొక్కు తీరేదాకా బయటపెట్టకూడదంటారు. అందుకే చెప్పలేదు. అమ్మక్కూడా."

ఇప్పుడు తిరిగి చెప్పాల్సింది హైమ. "నా కోసం..." అని ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. "నా కోసం మాల వేసుకుని, నన్నే పంపేశారు."

"అవును" అన్నాడతను తల వంచుకుని.

ఏళ్ళ తరబడి నైవేద్యం మెదిపాను గాని, దేవుడు మాట్లాడగా నేను వినలేదు. అయినా ఒక సందేహం. బతికించమన్న మనిషినే బస్సెక్కించమని ఆయన అడిగి ఉంటాడా?

కేశవ ఫోను మోగింది. లాయరు. కేశవ నన్ను బల్ల మీద పెట్టి, ఫోను పట్టుకుని హైమ వైపు చూశాడు.

"ఎత్తండి. పాపం ఆయన కాచుక్కూర్చుంటాడు" అంది హైమ.

"సార్, ఇవాళ రాలేమండి" అని పెట్టేశాడు. తర్వాత ఆమెనే అడిగాడు: "ఇంకా రెండేళ్ళ మొక్కుంది. ఏం చెయ్యను?"

"వేసుకోండి. నన్ను పంపకండి."

"మరి ఆ రోజుల్లో?"

"ఆ రోజుల్లో కూడా."

"గురుస్వామి ఒప్పుకోరేమో."

"అడిగారా?"

"లేదు."

"ఇద్దరం వెళ్ళి అడుగుదాం. కాదంటే అప్పుడు పోట్లాడుకుందాం."

నేను బల్ల మీదే ఉన్నాను. ఇద్దరిలో ఎవరూ నన్ను ముట్టుకోలేదు. అయినా ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ళు చివరిదాకా విన్నారు. వసుంధరగారు నియమం గుర్తుచెయ్యలేదు, వచ్చే బుధవారం మూడింటికి రమ్మన్నారంతే.

పని లేనప్పుడు నేను ఆ గది అలమరలో ఉంటాను. హైమ గోటి గుర్తు ఇంకా పోలేదు. దాన్ని చూసినప్పుడల్లా ఆ రోజు చిట్టచివర విన్న మాట గుర్తొస్తుంది. కేశవ అప్పటికే మెట్లు దిగుతున్నాడు. హైమ గుమ్మంలో ఆగి వెనక్కి చూసింది.

"ఏవండీ, గొడుగు!"