మొదటి ఇల్లు

జ్వరాల కోసం ఇల్లిల్లూ తిరిగే మలేరియా వర్కరు హెబ్రోను బీటులో మొదటి ఇల్లు హెబ్రోనుదే. పద్నాలుగు రోజులకోసారి తెల్లవారగానే తన ఇంటి గోడ ముందు తనే నిలబడి, మలేరియావాళ్ళు నల్లరంగుతో అచ్చుకొట్టిన గడుల్లో తేదీ వేస్తాడు. పక్క గడిలో ఎందరికి జ్వరమో రాయాలి. అక్కడ సున్నా చుట్టి మిగతా ఊళ్ళ మీద పడతాడు. నాలుగేళ్ళుగా ఇదే వరస. మీ ఇంట్లో జ్వరముందా అని తన్ను తాను అడుక్కునేదేమిటని ఆ ప్రశ్న అక్కడ ఎప్పుడూ అడగలేదు.

ఆ రోజు 18-2-64 అని వేశాడు. సున్నా దగ్గర పెన్సిలు ఆగింది. లోపల చాప మీద అతని భార్య రెబెక్కమ్మ రెండు గోనెపట్టాలు కప్పుకుని వణుకుతోంది. పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు వాకిట్లోకి వినిపిస్తోంది.

పన్నెండు రోజుల కిందట మొదలైంది. సంచిలోని నాలుగు మాత్రలిస్తే తగ్గింది. నాలుగు రోజులు ఊరుకుని మళ్ళీ పట్టుకుంది, దినం మార్చి దినం. ఆ జ్వరం పేరు హెబ్రోనుకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. వేలు పొడిచి, గాజుపలక మీద నెత్తురు తీసి నెల్లూరికి పంపితే, అక్కడ భూతద్దంలో చూసి ఔనంటే, అప్పుడు అసలు మందు వస్తుంది. పలక పోనిదే ఆ మందు రాదు.

అతడు లోపలికి వచ్చి సంచి విప్పి సూది తీశాడు.

"చెయ్యి ఇట్టియ్యి మే."

ఆమె పిడికిలి బిగించింది.

"ఒద్దయ్యా. ఇంకొక్క ఇరవై దినాలు ఓర్చుకుంటే నీది పర్మినెంటు అయిపోతాది గదా. ఇప్పుడు మనింట్లోనే జరమని తేలితే వాళ్ళేమనుకుంటారు?"

"తేలకుంటే మందెట్టొస్తాది?"

"ఆ ఇరవై దినాలూ పోనీ, అప్పుడు తింటాలే ఆ మందు. మళ్ళా కొడవలూరు పోయి మీ నాయిన మాదిరి ఎద్దుల కొట్టంలో పండుకుంటావా?"

ఆమె మాటలో అబద్ధం లేదు. ముగ్గురు వర్కర్లు, రెండు ఖాయం పోస్టులు. పదకొండు నెలలుగా హెబ్రోను బీటులో ఒక్క పలకలోనూ రోగం కనపడలేదు గనుక అతని పేరు పైన ఉంది. ఒక్కటి కనపడితే, ఇన్నాళ్ళూ ఇళ్ళకు పోకుండానే తేదీలు వేశాడంటారు. అప్పుడు పోస్టు సరే, ఖాకీ చొక్కా కూడా దక్కదు. అతని తండ్రి కొడవలూరులో ఒకే రైతు దగ్గర ఇరవై ఎనిమిదేళ్ళు పాలేరుగా ఉండి, ఆ కొట్టంలోనే కన్నుమూశాడు. పన్నెండేళ్ళు వచ్చేదాకా హెబ్రోను కూడా అక్కడ పేడ ఎత్తినవాడే. మిషను బడివాళ్ళు చేరదీసి ఎనిమిదో తరగతిదాకా లాగారు.

పట్టి విప్పితే ఆ పిడికిలి ఎంతసేపు నిలుస్తుంది? ఎముకలు తేలిన చెయ్యి. హెబ్రోను విప్పలేదు. పైగా ఆమె వద్దన్నందుకు గుండెలోంచి బరువు దిగినట్టయింది. అది తనకే తెలిసి సిగ్గుపడ్డాడు, సిగ్గుపడుతూనే సూది సంచిలో పెట్టుకున్నాడు. ఇంకో నాలుగు మాత్రలు ఆమె తలాపున ఉంచి, బయటికి వచ్చి సున్నా చుట్టాడు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట. పడిన బల్లికి ఆ సంగతి తెలిసే పడిందేమో ఎవరూ చెప్పలేదు.

హెబ్రోనుకు ముప్పై ఆరేళ్ళు. చూసినవాళ్ళు యాభై అంటారు. నాలుగేళ్ళ సంచీ బరువుకు ఎడమ భుజం కిందికి జారింది. ఉప్పు కయ్యల్లో నడిచి నడిచి మడమలు పగిలాయి. వేళ్ళకు ఎప్పుడూ స్పిరిటు వాసన. అన్నం కలుపుకున్నా అదే వాసన. సముద్రపు ఒడ్డు నుంచి ఇందుకూరుపేట అవతలి దాకా పద్నాలుగు రోజుల దారి, పదిహేనో రోజున మళ్ళీ మొదటి ఇల్లు. గానుగెద్దుకు కళ్ళకు గంతలుంటాయి గనుక ఎంత తిరిగిందీ దానికి తెలియదు. ఇతనికి ఏ గోడ చూసినా తన చేత్తో వేసిన తేదీలే.

ప్రతి ఇంటి ముందూ మూడు ప్రశ్నలు. జ్వరముందా? పోయిన తూరి నేను వచ్చిపోయినాక ఎవరికైనా వచ్చిందా? బయటి ఊరినుంచి ఎవరైనా వచ్చినారా? లేదు, లేదు, లేదు. వేలు పొడుస్తాడని సగం మంది ఉన్నా లేదంటారు. ఆ అబద్ధం వినీ వినీ హెబ్రోనుకు మొహం చూస్తే నిజం తెలిసిపోయే విద్య అబ్బింది. ఇవాళ మాత్రం ఎవరి మొహమూ చూడకుండా తేదీలు వేసుకుంటూ పోయాడు.

వెంకటశేషమ్మగారిది రైతుల ఇల్లు. అక్కడ పద్ధతి వేరు. హెబ్రోను సూదీ, పలకా, స్పిరిటు దూదీ అరుగు చివర పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరగాలి. ఇంటివాళ్ళ వేలు ఇంటివాళ్ళే పొడుచుకుంటారు, అతడు పట్టుకోకూడదు. రాత్రి మనవడికి ఒళ్ళు కాలిందని ఆవిడ వాడి వేలు తనే పొడిచి, మూడు చుక్కలు పలక మీద దించి, ఇంకో పలక అంచుతో పలచగా లాగింది. నాలుగేళ్ళ అలవాటు. చెప్పకూడదు గానీ, బీటు మొత్తం మీద ఆవిడ తీసిన పలకంత శుభ్రంగా హెబ్రోనుకే రాదు.

"ఆడపిల్లలకైతే ఏడుస్తారని భయం. ఈ ఎదవకి నేను పొడిస్తే నవ్వుతుండాడు చూడు," అంది వెంకటశేషమ్మ. "నొప్పని వొదిలేస్తే ఎట్టా? బిడ్డ మనకు గావాలంటే పొడవాల్సిందే గదా హెబ్రోనా."

"అంతేనమ్మా," అన్నాడు హెబ్రోను. పిల్లవాడిది జలుబు జ్వరమని వాడు ముక్కు ఎగబీల్చడం వినగానే తెలిసింది. అయినా పలక మీద పేరు రాసుకున్నాడు. ముట్టుకునే హక్కు లేని ఇంట్లో నెత్తురు తీసుకుని, హక్కున్న ఇంట్లో వదిలేసి వచ్చాడు.

మధ్యాహ్నానికి సముద్రపు ఒడ్డున పాళెం చేరాడు. పడవలు ఒడ్డుకెక్కి ఉన్నాయి. పిచ్చమ్మ ఇంటి గోడ ఎర్రమన్నుతో తళతళలాడుతోంది. కిందటి నెల కొట్టిన దోమల మందూ లేదు, నల్లగడులూ లేవు, అతని తేదీలూ లేవు.

"ఏందక్కా, మళ్ళా అలికేసినావా? మందు పోతే దోమలు రావా?"

"దోమలు పోతే పోయినాయి, నల్లులు దిగినాయి గదయ్యా!" అంది పిచ్చమ్మ వల బాగుచేసుకుంటూ. "ఆ కంపుకి మా పిల్లి చచ్చిపోయె. నీ తేదీ కోసరం మేం గోడలు గబ్బుగా పెట్టుకోవాల్నా? ఇంకోటి రాసుకో, నీ సొమ్మేం పోయె." తర్వాత తలెత్తి చూసింది. "మొకమేంది అట్టుండాది? అన్నం తిన్నావా?"

"తిన్నానక్కా," అన్నాడు తినకుండానే.

పాళెం నుంచి సరుగుడు తోపుల్లో అడ్డంపడితే అతని ఇల్లు మైలు దూరం. ఒక్కసారి పోయి చూసి రావచ్చు. తోపు మొదటిదాకా నడిచాడు కూడా. ఇంకా పంతొమ్మిది ఇళ్ళున్నాయి. మూడు గంటలకు మలేరియా ఇన్‌స్పెక్టరు పద్మనాభయ్య తనిఖీకి వస్తానన్నాడు. వచ్చేసరికి వర్కరు లేకపోతే పదకొండు నెలల పేరూ అక్కడే పోతుంది. చలి విడిచి చెమట పట్టే వేళ అయివుంటుంది, నిద్రపోతుంటుంది అనుకున్నాడు. అలా అనుకోవడం తేలికగా ఉంది. వెనక్కి తిరిగాడు.

పద్మనాభయ్య చెడ్డవాడు కాదు. సైకిలు నడిపించుకుంటూ ఇల్లిల్లూ తిరిగి, తేదీలు సరిచూసి, సంతకాలు పెట్టాడు.

"నీ బీటు అద్దం మాదిరి ఉండాది హెబ్రోనూ. నీ పేరే ముందు రాసినా. ఈ ఇరవై దినాలూ గడిస్తే నిన్ను కదిలించేవాడు లేడు," అన్నాడు. "పదా, మీ ఊరి మీదుగానే పోతా. మొదటి ఇంటికి కూడా సంతకం పెట్టేస్తే పనైపోతాది."

తోపులో ఇసుకకు సైకిలు సాగలేదు. హెబ్రోను వెనకనుంచి తోశాడు. నిన్ను కదిలించేవాడు లేడన్న మాట సంతోషంగా ఉండాలి. ఉండలేదు. ఇంటికి పోగానే, ఇన్‌స్పెక్టరు ముందే, ఆ పిడికిలి విప్పి పొడుస్తాననుకున్నాడు. పోతే పోనీ పోస్టు. ఆ రోజంతటిలో అతనికి ఊపిరి ఆడింది ఆ నాలుగు ఫర్లాంగులే.

వాకిట్లో ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. సమాధానం అనే పక్కింటి ముసలాయన ఎదురొచ్చి అతని సంచి భుజం మీంచి దించాడు.

"నీళ్ళకని పోయిందంటయ్యా. చెలమ కాడ సరుగుడు నీడన పండుకోనుండాది. నిద్దరపోతుందనుకున్నారు అందురూ. ఎండ మీదికొచ్చినా లేవకపోతే పోయి కదిలించినారు."

రెబెక్కమ్మను చాప మీద పడుకోబెట్టారు. జుట్టులో ఇసుక ఉంది. పొద్దున బిగించిన పిడికిలి ఇప్పుడు విప్పుకుని ఉంది. హెబ్రోను ఆమె పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాడు. వేలు ఎంత కావాలంటే అంత తేలిగ్గా అతని చేతికి వచ్చింది.

పద్మనాభయ్య సైకిలు గోడకు ఆనించి టోపీ తీశాడు. గొంతు తగ్గించి అడిగాడు:

"జరమేమన్నా వచ్చిందా హెబ్రోనూ?"

నాలుగేళ్ళలో ఆ ప్రశ్న అతన్ని ఒకరు అడగడం అదే మొదలు. వేల ఇళ్ళలో విన్న జవాబు అతని నోట్లో సిద్ధంగా ఉంది.

"లేదు సార్."

పద్మనాభయ్య గోడ వైపు చూశాడు. పొద్దుటి తేదీ, దాని పక్కన సున్నా. చేతిలోని పెన్సిలు జేబులో పెట్టుకుని, సంతకం చెయ్యకుండానే సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. తెలిసి వెళ్ళాడో, చావింటి మర్యాదకు వెళ్ళాడో హెబ్రోను ఆలోచించలేదు. తన నోటితో తను ఆమె జ్వరాన్ని రెండోసారి కొట్టేశాడని మాత్రం అర్థమైంది. అప్పుడు ఏడ్చాడు.

పొద్దు వాలుతుండగా, కడిగేందుకు నీళ్ళు కావాలని ఎవరో అన్నారు. నేను తెస్తానని హెబ్రోను లేచాడు.

ఇసుకలో మోకాటి లోతు గుంట ఆ చెలమ. చిప్పతో తోడుతూ, ఊరేదాకా కూర్చుని, మళ్ళీ తోడుకోవాలి. మధ్యాహ్నం నుంచి ఎవరూ తోడలేదు గనుక అంచుదాకా ఊరింది. గట్టున ఆమె సగం నింపిన కుండ ఉంది, దానిలో కొబ్బరిచిప్ప తేలుతోంది.